శుక్రవారపు సీసాలు

మా ఊళ్ళో నన్ను ఈగలమ్మాయి అంటారు. ఇప్పటికీ అంటారు. చల్లపల్లిలో బస్సు దిగి ఆటో ఎక్కాల్సిన ఊరు మాది. అక్కడ నా అసలు పేరు చెప్పి అడిగితే కాస్త ఆలోచిస్తారు గానీ, ఈగలమ్మాయి ఇల్లెక్కడ అంటే ఎవరైనా తీసుకొచ్చి మా గుమ్మం ముందు దింపుతారు. ఈ బిరుదు నాకిచ్చింది మా వదిన. ఎమ్మెస్సీ అయ్యాక యూనివర్సిటీలో పరిశోధనకు చేరానని చెబితే, దేనిమీద అని అడిగింది. ముసలితనం మీద అన్నాను.

"దానికి యూనివర్సిటీ దాకా ఎందుకు? ఇంట్లో అత్తయ్యను చూస్తే సరిపోదూ?" అంది.

మనుషుల్లో కాదు, ఈగల్లో ముసలితనం అని సరిదిద్దాను. అదే నేను చేసిన పొరపాటు. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

ఇది తొంభైల నాటి సంగతి. అరటిపండు బాగా మగ్గితే దాని చుట్టూ ముసురుతాయే, ఎర్ర కళ్ళ చిట్టి ఈగలు, మా పని వాటితోనే. బొంబాయిరవ్వా బెల్లమూ ఉడికించి గాజు సీసాల్లో పోస్తాం. అది గడ్డకట్టాక ఈగల్ని లోపలికి వదిలి దూదితో మూతి బిగిస్తాం. ఆ మేత మీదే అవి గుడ్లు పెడతాయి, పిల్లలవుతాయి, ముసలివవుతాయి, పోతాయి. మనిషి ముసలివాడు కావడం మొదటినుంచి చివరిదాకా చూడాలంటే చూసేవాడు కూడా ముసలివాడైపోతాడు. ఈగకైతే కొద్ది నెలలు చాలు. పైగా అది మోకాళ్ళ నొప్పులని మనల్ని సతాయించదు.

నా గైడు చాలా మెత్తని మనిషి. నేను కాదు. నేను విసుక్కుంటే ఆయన నవ్వేవారు, ఆయన నవ్వితే నాకు ఇంకా విసుగొచ్చేది. ముసలితనం ఎందుకొస్తుంది సార్ అని చేరిన కొత్తలో అడిగితే ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

"ప్రకృతికి మనమీద ప్రేమేమీ లేదమ్మాయ్. పిల్లల్ని కనేదాకా మనల్ని కనిపెట్టుకుని ఉంటుంది. ఆ తర్వాత మనం ఏమైపోయినా దానికి పట్టదు. మరి కనడమే ఆలస్యం చేయించామనుకో, అప్పటిదాకా కనిపెట్టుకుని ఉండక దానికి తప్పదు గదా!"

సార్ చేస్తున్నది సరిగ్గా అదే. ప్రతి తరంలోనూ ఈగలు పడుచు వయసులో పెట్టిన గుడ్లన్నీ పారేయాలి. పెద్ద ఈగల్ని ఎప్పటికప్పుడు కొత్త సీసాలోకి మారుస్తూ ముసలివయ్యేదాకా కాపాడుకుని, అప్పుడు పెట్టిన గుడ్లనే తర్వాతి తరానికి ఉంచుకోవాలి. ముసలి తల్లుల పిల్లలు, వాళ్ళలో మళ్ళీ ముసలి తల్లుల పిల్లలు. ఇలా చాలా తరాలు నడిపిస్తే ఆ వంశం ఈగలు మామూలు ఈగలకంటే ఎక్కువకాలం బతుకుతాయి. ఇది బయటి దేశాల్లో చేసి చూసినదే. మన ఈగల్లో కూడా అవుతుందా, అయితే వాటి ఒంట్లో ఏం మారుతుందన్నది సార్ ప్రశ్న. ఆ వంశాన్ని ఆయన నేను చేరడానికి చాలా ఏళ్ళ ముందే మొదలుపెట్టారు. నాకంటే ముందు దాన్ని చూసుకున్న సీనియర్‌ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ, ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు చెప్పినన్ని జాగ్రత్తలు చెప్పి నాకు అప్పగించాడు. వంశం ఒక్కసారి తెగితే మళ్ళీ మొదటికే. సార్‌కు రిటైర్మెంటు దగ్గరపడింది. మళ్ళీ మొదటినుంచి చేసుకొచ్చేంత వ్యవధి ఆయనకూ లేదు, నా పీహెచ్‌డీకీ లేదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీని పక్కన పెట్టుకుని విసనకర్రలతో విసురుకోవడం బెజవాడ చుట్టుపక్కల వాళ్ళకు కొత్త కాదు. మనుషులం ఎలాగో సర్దుకుంటాం. ఈగలకు చల్లని గది కావాలి. మే నెల మొదట్లో మా చల్లగది మిషను మూలగడం మొదలుపెట్టింది. సగం సీసాలు ఎక్కడైనా వేరేచోట ఉంచడం మంచిదని సార్ అన్నారు. మా ఇంట్లో మట్టిగోడల సామానుగది ఉందని నేను చెప్పాను. నడివేసవిలో కూడా అందులో అడుగుపెడితే ఒళ్ళు చల్లబడుతుంది. అమ్మ పచ్చళ్ళ జాడీలన్నీ అందులోనే ఉండేవి.

సీసాల్ని బుట్టలో పెట్టి, తడిగుడ్డ కప్పి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక కండక్టరు ఉండబట్టలేక అడిగాడు.

"ఏంటమ్మా, కొత్తావకాయా?"

"ఈగలండీ."

అతను నావైపు చూసి, బుట్టవైపు చూసి, ఇంకేమీ అడగకుండా ముందుకెళ్ళిపోయాడు. చల్లపల్లి వచ్చేదాకా నా పక్క సీటు ఖాళీగానే ఉంది. నాకు బాగానే ఉంది.

సామానుగదిలో ఒక మూల ఇసక పోసి తడిపి, దానిమీద సీసాలు పెట్టి, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాం. నేనేమో పరీక్షల డ్యూటీకి యూనివర్సిటీకి తిరిగి వెళ్ళాలి. ఆదివారం ఆదివారం మాత్రమే రాగలను. మిగతా రోజుల్లో చూసుకోవడానికి అమ్మ తప్ప ఎవరున్నారు? నాన్నా నాయనమ్మా అప్పటికే పోయారు, అన్నయ్య పొలం మనిషి, వదిన ఈగల్ని చూస్తేనే ఆమడ దూరం పరిగెత్తేది. అమ్మకు అప్పటికి అరవై దాటాయి గానీ చెయ్యి వణికేది కాదు. సీసా మీద సీసా బోర్లించి, అరచేత్తో తట్టి, ఒక్క ఈగను కూడా పోనీయకుండా కొత్త మేతకు మార్చడం ఒక్క పూటలో నేర్చేసుకుంది. నాకు ఒక వారం పట్టింది ఆ పని.

"పాత సీసా ఏం చెయ్యమంటావే?" అంది.

"మరిగే నీళ్ళు పోసి కడిగెయ్యి."

"అందులో గుడ్లుంటాయి గదా?"

"ఉంటాయి. అవి మనకొద్దు."

అమ్మ సీసావైపు ఒకసారి చూసింది. సరేనన్నట్టు తలూపింది.

నేను వెళ్ళిన వారంలోనే యూనివర్సిటీలో ఓల్టేజీ ఎగసి చల్లగది మిషను కాలిపోయింది. సెలవురోజు. తాళం తీసి చూసేసరికి గదిలో వేడి మొహానికి కొట్టింది. సీసాలన్నింటిలోనూ ఈగలు మేత మీద ఎండిపోయి పడున్నాయి. సార్ ఒక్కో సీసా ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసి, కింద పెట్టారు. చివరి సీసా కూడా చూశాక, "మీ అమ్మగారి దగ్గరున్నవే ఇక మనకు మిగిలినవి" అన్నారు. మెత్తగానే అన్నారు.

తర్వాతి ఆదివారాలు నేను ఊపిరి బిగబట్టుకునే ఇంటికి వెళ్ళాను. ఇసక తడి ఆరలేదు, మేత బూజు పట్టలేదు, ఈగలు కులాసాగా ఉన్నాయి. మరీ కులాసాగా ఉన్నాయి. మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో నాకు అనుమానం వచ్చింది. ముసలి ఈగలు వారం వారం తగ్గాలి గానీ పెరగకూడదు గదా! ఇవి పెరిగాయి. భూతద్దం పెట్టి చూస్తే, రెక్కల అంచులు చిరిగిన ముసలివాటి మధ్య లేత రంగులో నిగనిగలాడుతూ పడుచు ఈగలు తిరుగుతున్నాయి.

"అమ్మా, ఇవెక్కడివి?"

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "అవా? శుక్రవారం సీసాల్లోవి."

"శుక్రవారం సీసాలేంటి?"

"శుక్రవారం నాడు ప్రాణమున్నదాన్ని ఇంట్లోంచి ఎట్టా పారబోస్తామే? ఆ రోజు మార్చిన సీసాలు కడక్కుండా గంప కింద పెట్టాను."

అమ్మ శుక్రవారం చింకిగుడ్డ కూడా బయట పారెయ్యదు. ఆ సంగతి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా, అది ఈగలకు వర్తిస్తుందని నా బుర్రకు తట్టలేదు.

"పోనీ శనివారం పారెయ్యొచ్చు గదా?"

"ఒకరోజు ఉంచుకున్నాక ఇంకెట్టా పారేస్తానే? అవి పురుగులై, రెక్కలొచ్చి బయటికొచ్చినై. లోపల మేత అయిపోయింది. పాపం, నోరులేనివి. అందుకని తల్లుల దగ్గరికి చేర్చాను."

తల్లుల దగ్గరికి చేర్చిందట! నాకు ఒళ్ళు మండిపోయింది. సీసాలో ఇప్పుడు ఎవరు ముసలో ఎవరు పడుచో తెలియదు. ఇప్పుడు గుడ్లు తీస్తే అవి పడుచు తల్లుల గుడ్లవుతాయి. చేస్తున్న పనికి అర్థమే పోతుంది. మూఢనమ్మకాల మీద నాకు తెలిసిన ఉపన్యాసమంతా దంచాను. ఏళ్ళతరబడి సార్ పడిన కష్టమన్నాను, నా చదువు గంగలో కలిసిందన్నాను. వదిన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గుడ్లప్పగించి చూసింది. అంతా విన్నాక అమ్మ, "అన్నం తిను" అంది.

తినలేదు. చల్లపల్లి వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి సార్‌కు ఫోన్ చేశాను.

ఆయన మర్నాడు బస్సులో వచ్చేశారు, ఒళ్ళో మైక్రోస్కోపు పెట్టుకుని. సామానుగదిలో జాడీల మధ్య చతికిలబడి చాలాసేపు చూశారు. రెక్కలు చూసి ముసలివాటిని వేరు చేద్దామా అని నేనడిగాను. సీసాలు తట్టి మార్చడంలో పడుచువాటి రెక్కలూ కొన్ని చిరిగాయి, నమ్మడానికి లేదన్నారు. తర్వాత అమ్మను పిలిచి, అసలేం జరిగిందో మొదటినుంచి చెప్పమన్నారు. అమ్మ గడప అవతలే నిలబడి చెప్పింది.

"తప్పయిపోయిందండీ మాస్టారూ. పెద్ద చదువుల సంగతి నాకేం తెలుసండీ. శుక్రవారం చేతులాడలేదు."

సార్ కోప్పడతారని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే కోప్పడాలనే కోరుకున్నాను. ఆయన పకపకా నవ్వారు.

"బాగుందమ్మా. మా ఈగలు నా దగ్గర ఇన్నేళ్ళున్నాయి, ఒక్క శుక్రవారం కూడా వాటిమీద ఎవరూ జాలి చూపించలేదు."

ఆరోజు అమ్మ ఆయనకు ముద్దపప్పూ, కొత్తావకాయా, గుత్తొంకాయా చేసి పెట్టింది. తప్పు చేశానన్న బాధంతా నెయ్యి వడ్డించడంలో చూపించింది. సార్ వద్దంటున్నకొద్దీ వేసింది. తింటూ తింటూ ఆయన, ముసలితనం గురించి చదివేవాళ్ళకు ఉండే కుతూహలం కొద్దీ, "అమ్మాయి పుట్టేటప్పటికి మీకెన్నేళ్ళు ఉంటాయమ్మా?" అని అడిగారు. అమ్మ నెయ్యిగిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. జవాబు వదినే చెప్పింది. మా అక్క కొడుకూ నేనూ ఒకే ఏడు పుట్టామని, వాడూ నేనూ ఒకే క్లాసులో చదివామని, పంతులుగారి ముందు వాడు నన్ను పిన్నీ అని పిలిస్తే నేను వీపు మీద ఒకటిచ్చేదాన్నని, అన్నీ చెప్పింది. వదినకు దాపరికాలు లేవు.

చెయ్యి కడుక్కున్నాక సార్ అసలు మాటకొచ్చారు.

"వేరు చెయ్యలేం. పారెయ్యలేం. ఒక్కటే దారి. ఆగుదాం."

"ఎందాకా సార్?"

"ఈ పడుచువి కూడా ముసలివయ్యేదాకా. అప్పుడు సీసాలో పెట్టిన ప్రతి గుడ్డూ ముసలి తల్లి గుడ్డే అవుతుంది. ఎవరు ఎవరో తెలియాల్సిన పనే ఉండదు."

వినడానికి ఎంతో తేలిక. కానీ ఈలోగా ఎండకు ఎన్ని పోతాయో తెలియదు. మిగిలినవి అసలు గుడ్లు పెడతాయో లేదో తెలియదు. వాటిని కుదుపుల్లో యూనివర్సిటీకి మోసుకెళ్ళడం కూడా మంచిది కాదన్నారు సార్. పరీక్షల డ్యూటీ నుంచి నన్ను తప్పించి, ఇంట్లోనే ఉండి చూసుకోమని, మైక్రోస్కోపు వదిలి వెళ్ళారు.

అలా ఆ వేసవిలో నాకు అనుకోని సెలవులు దొరికాయి. అమ్మా నేనూ కలిసి అన్ని రోజులు గడపడం నా చిన్నప్పటి తర్వాత అదే. మొదట్లో నేను ముభావంగానే ఉన్నాను. అమ్మ పట్టించుకోలేదు. పొద్దున్నే లేచి ఇసక తడిపేది, నాకు కాఫీ ఇచ్చేది, ఇద్దరం కలిసి ఈగల్ని మార్చేవాళ్ళం. శుక్రవారం రోజు మార్చడమే మానేశాం. గురువారం సాయంత్రం, శనివారం పొద్దున. దానికి సార్ అభ్యంతరం చెప్పలేదు. మేత ఉడికించేటప్పుడు బెల్లం పాకం వాసనకు పక్కింటి పిల్లలు గిన్నె పట్టుకొచ్చేవాళ్ళు. ఇది ఈగలకిరా అంటే, మాకూ కొంచెం పెట్టు ఈగలత్తా అనేవాళ్ళు. అమ్మ వాళ్ళ కోసం విడిగా రవ్వకేసరి చేసి పెట్టేది. మధ్యాహ్నాలు సామానుగదిలోనే చాప పరుచుకుని పడుకునేవాళ్ళం, ఊరంతటికీ చల్లని చోటు అదే కాబట్టి. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ నిద్రపోలేదు. పరిశోధన మీద ఉన్న భయం ఎక్కడికీ పోలేదు గానీ, ఆ మట్టి చల్లదనంలో పడుకుంటే కాసేపు గుర్తొచ్చేది కాదు.

ఈగలు మాత్రం తగ్గిపోతున్నాయి. కిందటి రోజు సీసా గోడ మీద పాకినది ఈ రోజు మేత మీద వెల్లకిలా పడుండేది. అమ్మ ప్రతిదానికీ చప్పరించేది.

"ఇదిగోనే, ఈమె కూడా పోయింది."

"ఈమె ఏంటమ్మా? అది మగది."

"అయితే ఈయన."

జూన్‌లో మొదటి వాన పడింది. కాలవలకు నీళ్ళొదిలారు, అన్నయ్య నారుమళ్ళ పనిలో పడ్డాడు, గాలి చల్లబడింది. ఈగలు చావడం నెమ్మదించింది. ఆఖరి శుక్రవారపు పిల్లలకు కూడా తగినంత వయసు వచ్చిందని సార్ ఫోన్‌లో ఖాయం చేశాక, మిగిలిన కొద్దిపాటి ఈగల్ని కొత్త మేత పోసిన ఒకే ఒక్క సీసాలోకి మార్చాం. ఈ సీసా కడిగేది కాదు. ఇందులో గుడ్లు పడితే సార్ వంశం నిలుస్తుంది, లేకపోతే లేదు. నేను రోజంతా భూతద్దం పట్టుకుని దానిచుట్టూ తిరుగుతుంటే, అమ్మ నా చేతిలోంచి భూతద్దం లాక్కుని దాచేసింది.

"నువ్వు చూస్తుంటే అవెట్టా పెడతయ్యే? సిగ్గుండదూ?"

రెండు రోజులయ్యాక ఇచ్చింది. మేత పైపొర గరుకుగా కనిపించింది. మరికొంత ఆగి, చిటికెడు మేత తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మేతలో సన్నటి దారపు ముక్కల్లాంటి తెల్లని పురుగులు, నల్లటి చిన్న నోళ్ళతో తవ్వుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ మెదులుతున్నాయి. బోలెడున్నాయి. నేను గట్టిగా అరిచాను. అన్నయ్య పాము అనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

సైకిలు మీద వెళ్ళి సార్‌కు ఫోన్ చేసి చెప్పి వచ్చేసరికి, అమ్మ సామానుగదిలో మైక్రోస్కోపు ముందు ఒంటరిగా కూర్చునుంది. ఒక కన్ను మూసుకుని చూస్తోంది. నేను పక్కన చతికిలబడ్డాను.

"మాస్టారు ఏమన్నారు?"

"రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత నిన్ను అడిగారు."

అమ్మ తృప్తిగా తలూపి మళ్ళీ చూసింది. కాస్సేపటికి, కన్ను తియ్యకుండానే అంది.

"నిన్ను కూడా తీయించుకుందామనే అనుకున్నానే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అక్కకు నెల తప్పింది. నాకూ తప్పింది. కూతురికి పురుడు పోయాల్సినదాన్ని, నేను కడుపుతో ఊళ్ళో ఎట్టా తిరగను? సిగ్గుతో చచ్చిపోయాను. మీ నాన్న బెజవాడ ఆసుపత్రిలో మాట్లాడొచ్చారు. బట్టలు సంచీలో పెట్టుకుని బయల్దేరాం. మీ నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇయ్యాళ శుక్రవారం, ఇంట్లోంచి ప్రాణాన్ని తీసుకెళ్ళి పారేసొస్తారా, ఏం పుట్టింది మీకు, రేపు పోండి, అంది."

"మరి శనివారం?"

"మీ నాన్న బస్సు టైమైందని పిలుస్తానే ఉన్నారు. నేను పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు."

ఈగల కోసం అలిగి నేను అన్నం మానేసిన ఆదివారం, ఆ ఉపన్యాసం విన్నంతసేపూ అమ్మ మనసులో ఇదే ఉందా అని అడగబోయాను. అడగలేదు. ఏడుపొస్తుందనుకున్నాను గానీ రాలేదు. ఒంటిమీద బట్ట, కింద మట్టినేల, బయట చూరు నుంచి కారుతున్న వాన చప్పుడు, అన్నీ ఉన్నట్టుండి నాకు విపరీతంగా నచ్చాయి. బతికి ఉన్నందుకు అంత సంతోషం నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. అమ్మ భుజం మీద తలపెట్టాను.

"నాయనమ్మ ఆ రోజు అడ్డం నిలబడకపోతే?"

"నిలబడింది గదే" అంది అమ్మ. తల కొంచెం పక్కకు జరిపి, నేను కూడా చూడటానికి చోటిచ్చింది.